ఆఫ్‌రోడ్ గేర్ అంతా వేసుకుంటే ఉక్కతో అలిసిపోతున్నా, తీసేస్తే భయం. ఏది ఉంచాలి ఏది వదలాలి?

మట్టిదారి:

అందరికీ నమస్తే. రోడ్డు మీద బండి చాలా ఏళ్ళుగా నడుపుతున్నా కానీ మట్టి, రాళ్ళు, వాగులు ఇవన్నీ మొదలుపెట్టి ఎనిమిది నెలలే అయింది. మొదట్లోనే ఒకాయన గట్టిగా చెప్పాడని గేర్ మొత్తం కొనేశా. ముందుకి పొడుచుకొచ్చిన పీక్ (ఎండకి అడ్డు) ఉన్న హెల్మెట్, గాగుల్స్, ఛాతీ వీపు భుజాలు మోచేతులు అన్నీ కవరయ్యే ఆర్మర్ జాకెట్, దాని మీద జెర్సీ, మోకాలి గార్డులు, మోటోక్రాస్ బూట్లు, గ్లవ్స్. వేసుకోవడానికే ఇరవై నిమిషాలు పడుతుంది.

సమస్యేంటంటే ఎండలు ముదిరాక గంటన్నర దాటితే నాకు ఓపిక ఉండట్లేదు. జాకెట్ లోపల చెమట కారిపోతుంది, తల దిమ్మెక్కుతుంది, చేతులు పట్టేస్తాయి. గత నెలలో మూడుసార్లు పడ్డా, మూడూ రైడ్ చివరి గంటలోనే. పొద్దున్న ఫ్రెష్‌గా ఉన్నప్పుడు దాటిన రాళ్ళ ఏటవాలులోనే తిరిగొచ్చేటప్పుడు పడ్డా. అందుకే అనుమానం వచ్చింది, నన్ను కాపాడాల్సిన గేరే నన్ను అలసగొట్టి పడేస్తోందేమో అని.

మా బ్యాచ్‌లో ఒకతను జీన్స్, స్పోర్ట్స్ షూస్, హెల్మెట్ అంతే. ఒళ్ళు ఫ్రీగా ఉంటే బండి మాట వింటుంది, బూట్లతో గేర్ లివర్ కూడా తెలీదు అంటాడు. నిజంగానే నాకు ఆ బూట్లతో గేరు పడిందో లేదో తెలీట్లేదు, రెండుసార్లు న్యూట్రల్‌లో పడి కొండెక్కేటప్పుడు ఆగిపోయా. ఇంకో ఫ్రెండేమో దీనికి తోడు మెడ చుట్టూ పెట్టుకునే నెక్ బ్రేస్ కూడా తీసుకో, మెడ విరిగితే ఇక అంతే అంటున్నాడు, మోకాలి గార్డులు తీసేసి కీళ్ళున్న బ్రేసెస్ వేసుకో అని మళ్ళీ అతనే. ఇంకా ఎన్ని తగిలించుకోవాలి నేను? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, వీటిల్లో ఏది నిజంగా పనికొస్తుంది, ఏది తగ్గించుకోవచ్చు? నేను జంప్స్ చెయ్యను, రేసులకి వెళ్ళను. ఎక్కువగా స్లోగా రాళ్ళు, ఇసుక, గాడులు పడిన బాటలు.

రాళ్ళగుట్ట:

బ్రదర్, నీ ప్రశ్నలో రెండు వేరే వేరే విషయాలు కలిసిపోయాయి. వేడి ఒకటి, బూట్లు ఒకటి. ముందు బూట్ల గురించి చెప్తా ఎందుకంటే దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, దానికి కారణం నా కుడి చీలమండలో ఉన్న ప్లేటు.

నేను పడినప్పుడు స్పీడు పదిహేను కూడా లేదు. ట్రెక్కింగ్ షూస్ వేసుకున్నా, చీలమండ దాకా ఉంటాయి కదా చాల్లే అనుకున్నా. ముందు చక్రం తడి రాయి మీద జారింది, కాలు కింద పెట్టా, బండి ఆ కాలు మీదే ఒరిగింది. పాదం రాయికీ, బండి మీద కాలు పెట్టుకునే ఫుట్‌పెగ్‌కీ మధ్య ఇరుక్కుపోయింది, ఒళ్ళు ఒకవైపు తిరిగింది, పాదం అక్కడే ఉండిపోయింది. టప్ మని సౌండ్ వినిపించింది. తలకి ఏం కాలేదు, ఛాతీకి ఏం కాలేదు, జెర్సీ కూడా చిరగలేదు. ఐదు నెలలు సరిగ్గా నడవలేకపోయా. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు గుర్తొస్తుంది.

నువ్వు చెప్పిన రైడింగ్‌లో, అంటే స్లోగా రాళ్ళల్లో, జరిగే పడిపోవడాల్లో ఎక్కువ శాతం ఇలాంటివే. గాల్లో ఎగిరి పడటం కాదు, నిలబడ్డచోటే ఒరిగిపోవడం. మట్టిదారుల కోసం చేసిన ఎండ్యూరో బండ్లు 100 నుంచి 120 కిలోలు ఉంటాయి, అడ్వెంచర్ బండ్లు 200 దాటతాయి, ఆ బరువు మొత్తం కాలి మీదకి వస్తుంది. మోటోక్రాస్ బూటు ఆ పాదాన్ని మెలి తిరగనివ్వదు, పిక్క ముందున్న ప్లాస్టిక్ ప్లేటు రాయి దెబ్బని ఆపుతుంది, అడుగున గట్టి సోల్ ఉంటుంది కాబట్టి గంటలకొద్దీ పెగ్స్ మీద నిలబడినా అరికాలు నొప్పి పుట్టదు. ఇది మాత్రం వదలొద్దు. మిగతావాటి మీద ఎంతైనా వాదించుకోవచ్చు, దీని మీద వద్దు.

గేరు తెలీట్లేదు అన్నావు, దానికి విరుగుడు ఉంది. గేర్ లివర్‌ని అది బిగించే కడ్డీ మీదున్న పళ్ళలో ఒకటి రెండు పళ్ళు పైకి జరిపించు. రోడ్డు షూకి సెట్ చేసిన ఎత్తులో ఆ లావు బూటు కిందకి దూరదు, అందుకే సగం గేరు పడి న్యూట్రల్‌కి పోతోంది. వెనక బ్రేక్ పెడల్ కూడా చూసుకో, బూటు బరువుకే బ్రేక్ పట్టేస్తుంటే దాన్ని కాస్త కిందకి దించాలి. కొత్త బూట్లు మెత్తబడటానికి టైం పడుతుంది, ఇంట్లో వేసుకుని తిరుగు, మెట్లెక్కు. పాదంతో నొక్కడం కాకుండా కాలు మొత్తం ఎత్తి గేరు వెయ్యడం అలవాటైతే ఇక ఆ ఇబ్బంది ఉండదు. నాకు ఐదారు రైడ్లు పట్టింది.

అది కూడా భరించలేను అనుకుంటే అడ్వెంచర్ బూట్లు అని ఉంటాయి, కాస్త మెత్తన, నడవడానికి బాగుంటాయి. మెలి తిరగడాన్ని మోటోక్రాస్ బూటు అంత ఆపవు, కానీ స్పోర్ట్స్ షూస్‌తో పోలికే లేదు. లోపల ఈఎన్ 13634 అని లేబుల్ ఉందో లేదో చూసుకో, మోటార్‌సైకిల్ బూట్లకి యూరప్ స్టాండర్డ్ అది.

చల్లగాలి:

పైన రాళ్ళగుట్ట అన్న బూట్ల గురించి చెప్పింది నూటికి నూరు నిజం. నేను వేడి గురించి చెప్తా, ఎందుకంటే ఆ భయం ఉత్తిది కాదు. వేడికి తల దిమ్మెక్కితే ముందు చూపు దగ్గరకొచ్చేస్తుంది, రెండు బండ్ల దూరం ముందుకి చూడాల్సినవాడివి చక్రం ముందే చూస్తావు, పడతావు. చివరి గంటలోనే మూడుసార్లు అంటే నాకైతే ఇదే అనిపిస్తోంది. కానీ దానికి గేర్ తీసెయ్యడం కాదు మందు, గేర్ మార్చడం.

ఒంటికి గాలి తగిలితేనే చెమట ఆరుతుంది, ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. స్లోగా వెళ్ళేటప్పుడు అసలే గాలి ఉండదు, దానికి తోడు మందపాటి ఫోమ్ ఒళ్ళంతా కప్పేసుంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. అందుకే ఆ మొత్తం కవరయ్యే జాకెట్ పక్కన పెట్టి, మెష్ బట్ట మీద విడివిడిగా ఆర్మర్ ముక్కలు కుట్టినది చూడు, లేదా ఛాతీకి వీపుకి మాత్రం ప్రొటెక్టర్, మోచేతులకి విడిగా గార్డులు. జెర్సీ పల్చటిది, కొంచెం వదులుగా. రైడ్ మొదలుపెట్టేముందు జెర్సీ నీళ్ళతో తడిపేసుకో, ప్రతి బ్రేక్‌లో మళ్ళీ తడుపు.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్త, చాలామంది మోసపోయేది ఇక్కడే. బయటికి చూడ్డానికి ఒకేలా ఉన్నా ఛాతీ కవచాలు రెండు రకాలు. ఒకటి ముందు బండి చక్రం నుంచి ఎగిరొచ్చే రాళ్ళని ఆపడానికి మాత్రమే, దానికి ఈఎన్ 14021 అని ఉంటుంది. పడినప్పుడు దెబ్బని తట్టుకునేది వేరే, ఛాతీకైతే ఈఎన్ 1621-3, వీపుకైతే ఈఎన్ 1621-2. మొదటిది గట్టి ప్లాస్టిక్ కాబట్టి బలంగా కనిపిస్తుంది, కానీ లోపల దెబ్బని మింగే ఫోమ్ ఉండకపోవచ్చు. మీరు గుంపులో వెళ్తారు కాబట్టి రాళ్ళు తగులుతాయి నిజమే, కానీ బండరాయి మీద వీపు ఆనించి పడితే కాపాడేది రెండోదే.

లెవెల్ 1, లెవెల్ 2 అంటే ఏంటని అడుగుతారు కాబట్టి చెప్తున్నా. టెస్టులో ప్రొటెక్టర్ మీద 50 జౌల్స్ దెబ్బ వేస్తారు, అంటే సుమారు 5 కిలోల బరువు 1 మీటర్ ఎత్తు నుంచి పడినంత. అవతలివైపు ఎంత బలం చేరిందో కొలుస్తారు. వీపుదైతే లెవెల్ 1కి సగటున 18 కిలోన్యూటన్ల (బలాన్ని కొలిచే యూనిట్) లోపు, లెవెల్ 2కి 9 లోపు ఉండాలి. అంటే సగానికి సగం తేడా. మోచేతులు, మోకాళ్ళ గార్డులకి లెవెల్ 1 అంటే 35, లెవెల్ 2 అంటే 20. వీపుకి లెవెల్ 2 పెట్టుకుని మోచేతులకి లెవెల్ 1 పల్చటివి పెట్టుకుంటే బరువూ వేడీ రెండూ తగ్గుతాయి. నేను చేసేది అదే. ఇంకోటి, లేబుల్ మీద టీ ప్లస్ అని ఉందా చూడండి, 40 డిగ్రీల వేడిలో కూడా టెస్ట్ చేశారని దాని అర్థం. మెత్తగా ఉండి దెబ్బ తగిలినప్పుడు గట్టిపడే రకం ఆర్మర్లు ఎండలో ఇంకా మెత్తబడతాయి కాబట్టి మనలాంటి వాళ్ళకి ఆ గుర్తు ముఖ్యం.

ఇక నీళ్ళు. దాహం వేసినప్పుడు తాగుదాం అంటే అప్పటికే లేట్. వీపు మీద వాటర్ బ్యాగు వేసుకుని పైపుతో ప్రతి పది నిమిషాలకి రెండు గుక్కలు, రెండో బ్యాగుకి ఉప్పు పంచదార కలిపినవి. కానీ ఆ బ్యాగులో స్పానర్లు, టైర్ లివర్లు పెట్టుకోకండి ప్లీజ్. వీపు మీద పడితే ఆ ఇనుము నేరుగా వెన్నెముకలో దిగుతుంది. టూల్స్ అన్నీ బండికే కట్టండి.

చెమట పట్టడం ఆగిపోయి ఒంటి మీద రోమాలు లేచినట్టు చలిగా అనిపిస్తే, మాట తడబడితే, వెంటనే ఆపి నీడలో కూర్చోబెట్టి గేర్ విప్పి తడపాలి. ఆ రోజుకి రైడ్ అయిపోయినట్టే, ఇంకో అరగంటే కదా అని వెళ్ళొద్దు.

కీలుగుర్రం:

నేను ఫిజియోథెరపిస్టుని, వారానికోసారి మట్టిలో తిరుగుతా కూడా. నెక్ బ్రేస్, మోకాలి బ్రేస్ గురించి మీరడిగారు కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తా.

నెక్ బ్రేస్ మెడని గట్టిగా పట్టుకుని ఉంచేది కాదు, చాలామంది అలా అనుకుంటారు. తల ఏ వైపుకైనా హద్దు దాటి వంగబోతే హెల్మెట్ అంచు ఆ బ్రేస్‌కి తగిలి ఆగుతుంది, ఆ బలం మెడ మీదుగా కాకుండా ఛాతీ, భుజాలు, వీపు మీదకి మళ్ళుతుంది. దక్షిణాఫ్రికాకి చెందిన డాక్టర్ క్రిస్ లియాట్ 2001లో తోటి రైడర్ ఒకరు చనిపోవడం కళ్ళారా చూశాక దీని మీద పని మొదలుపెట్టారు. ఆలోచన మంచిదే, నేను నమ్ముతా. కానీ బలం మాయమైపోదు కదా, ఎక్కడికో వెళ్ళాలి. అది కాలర్ బోన్ మీదకి, వీపు పైభాగం మీదకి వెళ్తుందని కొంతమంది వాదన, ఆ గొడవ ఇంకా తేలలేదు. తల నిలువుగా నేలకి గుద్దుకుని మెడ నొక్కుకుపోయే దెబ్బల్ని కూడా ఇది పూర్తిగా ఆపలేదు.

నా సలహా ఏంటంటే, స్పీడుగా వెళ్ళేవాళ్ళకి, జంప్స్ చేసేవాళ్ళకి, హ్యాండిల్ మీంచి ముందుకి ఎగిరి పడే ఛాన్స్ ఉన్నవాళ్ళకి నెక్ బ్రేస్ తీసుకోమనే చెప్తా. మట్టిదారి గారు, మీరు చెప్పిన స్లో రైడింగ్‌కి అది మొదటి మూడు వస్తువుల్లో రాదు. పైగా మీ ఇప్పటి జాకెట్ మీద పెడితే వీపు ప్లేటు దాన్ని పైకి నెట్టేస్తుంది, హెల్మెట్ ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది, తలెత్తి ఏటవాలు పైకి చూడలేరు. చూడలేకపోతే పడతారు. సరిగ్గా అమరని నెక్ బ్రేస్ కంటే లేకపోవడమే నయం. తీసుకుంటే మీ హెల్మెట్, మీ ఛాతీ ప్రొటెక్టర్ రెండూ పట్టుకెళ్ళి, పెగ్స్ మీద నిలబడ్డ పొజిషన్‌లో చూసుకుని తీసుకోండి. అద్దం ముందు నిటారుగా నిలబడి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

మోకాళ్ళు. గార్డు అంటే నేరుగా తగిలే దెబ్బకి, రాయి, హ్యాండిల్, పెగ్ వీటికి. బ్రేస్ అంటే కీలు ఉన్న ఫ్రేము, మోకాలు వెనక్కి విరక్కుండా, కొంతవరకు మెలి తిరగకుండా ఆపేది. కాలు కింద గాడిలో దిగిపోయి బండి ముందుకి పోతుంటే తెగేది లోపల ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్, గార్డు దానికి ఏమీ చెయ్యలేదు. ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయినవాళ్ళు మళ్ళీ పూర్తిగా ఆడటానికి, బండెక్కడానికి తొమ్మిది నెలలు, ఏడాది అలా పడుతుంది, ఆ తొమ్మిది నెలలు నా దగ్గరకి వచ్చేవాళ్ళని రోజూ చూస్తుంటా. ఎముక అతుక్కున్నంత తేలిగ్గా లిగమెంట్ కుదురుకోదు.

అయినా అందరూ బ్రేస్ కొనండి అని చెప్పను. అది కిందకి జారిపోతే కీలు మోకాలి కీలుకి ఎదురుగా ఉండదు, అప్పుడు అది మీ కాలికి ఎదురు తిరిగి పనిచేస్తుంది. పల్చటి స్లీవ్ మీద, ప్యాంటు లోపల, కొలత తీసుకుని వేసుకోవాలి. బ్రేస్ వల్ల బలం తొడ ఎముక మీదకి పోతుందనే మాట కూడా ఎన్నేళ్ళ నుంచో ఉంది. ఇంతకుముందు మోకాలికి దెబ్బ తగిలినవాళ్ళు, ఇసుకలో కాళ్ళు ఎక్కువ దించేవాళ్ళు తప్పకుండా ఆలోచించాలి. మిగతావాళ్ళు జారని మంచి గార్డుతో మొదలుపెట్టొచ్చు. పట్టీలు బిగించాక చేత్తో కిందకి లాగి చూడండి, అక్కడే జారితే నేల మీద ఉంటుందా?

ఎర్రధూళి:

నాది కొంచెం వేరే అభిప్రాయం, ఎవరూ ఏమీ అనుకోవద్దు. గేర్ మొత్తం వేసుకున్న రోజు నేను ఎక్కువ రిస్క్ తీసుకుంటా, ఇది నేను గమనించుకున్న విషయం. వట్టి జెర్సీతో అయితే దిగి నడిపించుకుపోయే చోట, ఆర్మర్ ఉంటే ఎక్కించేద్దాం అనిపిస్తుంది. కాబట్టి గేర్ వల్ల వచ్చిన లాభం అంతా ఆ ధైర్యం తినేస్తుందేమో అని డౌట్. పైగా ఈమధ్య అందరూ పడినప్పుడు గాలితో ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ వెస్ట్ అంటున్నారు, ఎడారి రేసు డకార్ ర్యాలీలో కూడా 2021 నుంచి బైకర్లందరికీ తప్పనిసరి చేశారు, మనం కూడా అది వేసుకోవాలా?

రాళ్ళగుట్ట:

ఎర్రధూళి, నువ్వు చెప్పింది నేనూ చేశా, కాదనను. కానీ ఆ ధైర్యం నీ చేతిలో ఉంది, చీలమండ మీద పడే 120 కిలోలు నీ చేతిలో లేవు. మొదటిదాన్ని అదుపు చేసుకోవచ్చు. నేనైతే ఒక రూల్ పెట్టుకున్నా, ఏదైనా అడ్డంకి గేర్ లేకపోతే ఎక్కనా అని అడుక్కుంటా, ఎక్కను అని సమాధానం వస్తే దిగి ఒకసారి నడిచి చూసొస్తా.

డకార్ సంగతి వేరు, వాళ్ళు ఎడారిలో ఎంత స్పీడుతో పోతారో తెలుసు కదా. ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు ఇది నిజంగా పడిపోవడమా లేక గుంతల్లో కుదుపా అని తేల్చుకోవాలి. రోడ్డు కోసం చేసినది రాళ్ళల్లో వాడితే ఊరికే పేలొచ్చు, అందుకే ఆఫ్‌రోడ్‌కి వేరేగా సెట్ చేసినవి వచ్చాయి. నిలబడ్డచోట పక్కకి ఒరిగిపోయే పడటానికి అది తెరుచుకోకపోవచ్చు కూడా. మన రైడింగ్‌కి అది చివర్లో ఆలోచించాల్సిన వస్తువు.

హెల్మెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు ఇంకా. అందరూ పెట్టుకుంటారు కాబట్టి అయిపోయింది అనుకుంటారు. రోడ్డు ప్రమాదాల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ రివ్యూ 2008లో హెల్మెట్ వల్ల మరణం ముప్పు సుమారు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతుందని తేల్చింది. మట్టికి ఇవే అంకెలు అతికించలేం కానీ, తల అదే తల కదా. కొత్తది కొంటే హెల్మెట్ స్టాండర్డ్ ఈసీఈ 22.06 చూసుకో, అంతకుముందున్న 22.05లో లేని తిరుగుడు దెబ్బ టెస్ట్ ఇందులో ఉంది, అంటే హెల్మెట్ ఏటవాలుగా తగిలినప్పుడు తల లోపల ఎంత గిర్రున తిరుగుతుందో కొలుస్తారు. లోపలి ఫోమ్ ఒక్కసారి నలిగితే మళ్ళీ పూర్వంలా అవ్వదు, బయట పెయింట్ బాగానే ఉంటుంది. మట్టిదారి, ఆ మూడుసార్లలో తల ఎక్కడైనా గట్టిగా తగిలిందా?

మట్టిదారి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రెండు వారాలు పట్టింది, అన్నీ ట్రై చేసి వచ్చి రాస్తున్నా.

ముందు గేర్ లివర్ ఒక పన్ను పైకి జరిపించా, ఇన్నాళ్ళు బూట్లని తిట్టుకున్నా కదా, అసలు తప్పు లివర్‌ది. న్యూట్రల్‌లో పడటం దాదాపు ఆగిపోయింది. జాకెట్ లేబుల్ చూస్తే వీపుకి లెవెల్ 1, ఛాతీకి అసలు రాళ్ళది మాత్రమే, పడిన దెబ్బకి కాదు! ఇన్నాళ్ళు ఆ బరువంతా మోసింది అందుకా అని బాధేసింది. ఫ్రెండ్ దగ్గర మెష్ రకం తీసుకుని వేసి చూశా, వీపుకి లెవెల్ 2. జెర్సీ తడిపి, నలభై నిమిషాలకోసారి ఆగి నీళ్ళు తాగాం. మొత్తం రైడ్ కూడా ఒక గంట తగ్గించుకున్నాం, అందరం అలిసిపోయే ఆ చివరి గంటే. రెండు రైడ్లలో ఒక్కసారి పడ్డా, అదీ ఇసుకలో, ఏమీ కాలేదు. నెక్ బ్రేస్ ప్రస్తుతానికి వద్దనుకున్నా. మోకాలి గార్డు లాగి చూస్తే చేతికొచ్చేసింది, అవి మార్చాలి.

రాళ్ళగుట్ట అన్నా, మీరడిగింది నిజమే, రెండోసారి పడినప్పుడు హెల్మెట్ వెనక భాగం రాయికి తగిలింది. గీత మాత్రమే పడింది అని వాడేస్తున్నా. మీ మెసేజ్ చదివాక లోపలి ప్యాడ్ తీసి చూస్తే ఫోమ్ మీద సన్నగా పగులు కనిపించింది. అది పక్కన పెట్టేశా.

ఇంకో చిన్న డౌట్. స్పోర్ట్స్ షూస్ ఫ్రెండ్‌కి ఎంత చెప్పినా వినట్లేదు. అతన్ని ఎలా ఒప్పించాలి? అలాగే వాగు దాటి బూట్లు పూర్తిగా తడిశాయి, రెండు రోజులైనా ఆరట్లేదు, ఎండలో పెట్టొచ్చా?

కీలుగుర్రం:

హెల్మెట్ మార్చినందుకు చాలా సంతోషం. పగులు కనిపించకపోయినా అంత దెబ్బ తగిలాక మార్చాల్సిందే, ఫోమ్ లోపల నలిగితే బయటికి తెలీదు.

ఫ్రెండ్‌తో వాదించకండి. మీ బూట్లు ఒక్క రైడ్‌కి ఇచ్చి చూడండి సైజు సరిపోతే, లివర్ పైకి జరిపి ఇవ్వండి లేకపోతే మళ్ళీ అదే మాట అంటాడు. పెగ్ మీద రెండు గంటలు నిలబడ్డాక అరికాళ్ళు ఎలా ఉన్నాయో అతనే చెప్తాడు.

రాళ్ళగుట్ట:

బూట్లు నేరుగా ఎండలో, మంట దగ్గర పెట్టొద్దు, తోలు బిగుసుకుపోతుంది, అతుకులు ఊడతాయి. లోపలి మెత్త బయటికి వచ్చేదైతే తీసి విడిగా ఆరబెట్టు. బూట్లో పాత న్యూస్‌పేపర్లు కుక్కి గంట గంటకీ మార్చు, తర్వాత నీడలో ఫ్యాన్ ముందు పడుకోబెట్టు, మూతి ఫ్యాన్ వైపు ఉండాలి. బకిల్స్‌లో మట్టి ఉంటే తడిగా ఉన్నప్పుడే కడిగెయ్, ఆరిపోయాక బ్రష్‌కి కూడా రాదు.